లోయర్ ఆర్మ్‌లో నిలవని బాల్ జాయింట్: ఒక కేసు వివరాలు

నేపథ్యం

శ్రీకాకుళం పట్టణంలోని మా షెడ్డులో ఎక్కువగా ముందు చక్రాల పనులే చేస్తాం. ఈ కేసులో నేను చేసిన పొరపాటు కూడా ఒకటి ఉన్నందువల్ల, మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు నోటితో చెప్పి వదిలేయకుండా రాసి పెట్టాలనిపించింది. బండి యజమానిని గుర్తుపట్టే వివరాలనూ, బండి మోడల్‌నూ వదిలేశాను. అంతకుముందు ఆ బండికి పనిచేసిన షెడ్డు ఏదో చెప్పడం కూడా నా ఉద్దేశం కాదు, ఎందుకంటే అక్కడ జరిగినటువంటి పని నా చేతులతో నేనూ ఒకప్పుడు చేసినవాడినే.

అది 11 ఏళ్లు నడిచిన చిన్న కారు, మీటరులో 1,34,000 కిలోమీటర్లు ఉన్నాయి. యజమాని వారానికి నాలుగైదు రోజులు పలాస వైపు వెళ్లివస్తారు. దారిలో సగం 16వ నంబరు జాతీయ రహదారి, మిగతా సగం ఉద్దానం లోపలి రోడ్లు. జీడితోటల మధ్య ఆ రోడ్ల మీద ప్రతి ఊరికీ రెండు స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి, వాటిలో కొన్ని రోడ్డు వేసినవాళ్లు కాక ఊరివాళ్లే కట్టుకున్నవి. సముద్రం దగ్గర కావడంతో ఆ వైపు తిరిగే బండ్ల అడుగు భాగం లోపలి ఊళ్ల బండ్ల కంటే త్వరగా తుప్పు పడుతుంది.

ఈ బండి ముందు సస్పెన్షన్ మాక్‌ఫర్సన్ రకం, అంటే స్ప్రింగూ, కుదుపును అణిచే స్ట్రట్ అనే నిలువు గొట్టమూ చక్రం పైన ఒక్కటిగా ఉంటాయి. బండి బరువు స్ప్రింగు, స్ట్రట్ ద్వారా చక్రానికి దిగుతుంది కాబట్టి కింది బాల్ జాయింట్ (చక్రాన్ని లోయర్ ఆర్మ్‌కు కలిపే గుండు కీలు) మీద నిలువు బరువు దాదాపుగా ఉండదు. బ్రేకు వేసినప్పుడు ముందు వెనకలుగానూ, మలుపు తిరిగినప్పుడు పక్కలకూ వచ్చే తోపును మాత్రం ఆ జాయింటే కాస్తుంది. రేకును అచ్చు కొట్టి చేసిన లోయర్ ఆర్మ్ (బండి అడుగు నుంచి చక్రం దాకా వచ్చే కింది చెయ్యి) కొసన మందమైన ఒక ఉక్కు కన్నం ఉంటుంది. బాల్ జాయింట్‌ను కింది నుంచి ప్రెస్ చేసి అందులో కూర్చోబెట్టి, పైన సర్క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు ఉక్కు రింగు) వేస్తారు. జాయింట్ స్టడ్డును (గుండు నుంచి పైకి వచ్చే కడ్డీని) నకిల్‌లోని (చక్రం హబ్బును పట్టి ఉంచే దిమ్మలోని) చీలిక కన్నంలోకి ఎక్కించి, అడ్డంగా ఒక బోల్టుతో బిగిస్తారు. జాయింట్‌ను కన్నంలో పట్టి ఉంచేది సర్క్లిప్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి పట్టి ఉంచేది కన్నం కంటే జాయింట్ కొద్దిగా లావుగా ఉండడం వల్ల వచ్చే బిగువు. ఆ బిగువు పోయినా జాయింట్ ఊడి రాకుండా ఆపడానికే సర్క్లిప్ ఉంటుంది.

బండి మా దగ్గరకు వచ్చినప్పటి ఫిర్యాదు

యజమాని చెప్పినది ఇది: ఎడమ ముందు చక్రం దగ్గర చిన్న వేగంలో ‘టక్’ మని శబ్దం వస్తోంది, బ్రేకు తొక్కిన వెంటనే ఒకసారి వస్తుంది, రివర్సులో వెళ్లి బ్రేకు తొక్కితే మళ్లీ ఒకసారి వస్తుంది, స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు అప్పుడప్పుడూ వినిపిస్తుంది. ఎడమ టైరు లోపలి అంచు అరిగి ఉంది. ఐదు నెలల కిందట వేరేచోట ఆ వైపు బాల్ జాయింట్ మార్పించారు. ఆ తర్వాత శబ్దం తగ్గకపోవడంతో స్టెబిలైజర్ లింకు, స్ట్రట్ పైన ఉండే మౌంటు కూడా మార్పించారు.

ఈ వివరాల్లో అన్నిటికంటే విలువైనది బ్రేకు గురించిన మాట. ముందుకు వెళ్తూ బ్రేకు వేస్తే చక్రం వెనక్కి తోసుకుంటుంది, రివర్సులో వేస్తే ముందుకు తోసుకుంటుంది. రెండుసార్లూ ఒక్కొక్క ‘టక్’ మాత్రమే వస్తోందంటే, ఆర్మ్‌కూ చక్రానికీ మధ్య ఎక్కడో ముందు వెనకల దిశలో ఖాళీ ఉందని అర్థం. ఆయన చెప్పింది కాగితం మీద రాసుకున్నాను గాని, దాని అర్థం ఏమిటో ఆ రోజు ఆలోచించలేదు.

మొదటి ప్రయత్నం, నా పొరపాటు

జాకీ మీద ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే కొద్దిగా ఆట (వదులు కదలిక) కనిపించింది. అది వీల్ బేరింగుదా, జాయింట్‌దా తేల్చుకోవడానికి మా కుర్రాడిని బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను. బ్రేకు పట్టినప్పుడు హబ్బు, నకిల్ ఒకటైపోతాయి కాబట్టి బేరింగు ఆట కనిపించకుండా పోవాలి. ఆట అలాగే ఉంది, అంటే బేరింగు కాదు. టైరు కింద గునపం పెట్టి ఎత్తితే జాయింట్ దగ్గర కదలిక కనిపించింది. జాయింట్ రబ్బరు బూటు చిరిగి, గ్రీజులోకి ఇసుక చేరింది. బూటు చిరిగింది, జాయింట్ దగ్గర కదలిక ఉంది, కనుక జాయింట్ పోయిందని తేల్చేశాను.

కదలిక జాయింట్ దగ్గర ఉండడం వేరు, జాయింట్ లోపల ఉండడం వేరు. అది స్టడ్డుకూ దాని గుండును పట్టి ఉంచే బయటి డొప్పకూ మధ్యనా, డొప్పకూ ఆర్మ్ కన్నానికీ మధ్యనా అన్నది వేలు పెట్టి చూస్తే తెలిసిపోయేది. ఒక వేలు డొప్ప అంచు మీద, ఇంకో వేలు ఆర్మ్ మీద ఆనేలా పెట్టి గునపం ఎత్తిస్తే చాలు. చిరిగిన బూటు కళ్లెదుట కనిపించడంతో ఆ అర నిమిషం పని నాకు అక్కర్లేదనిపించింది.

ఆర్మ్ విప్పి, తెలిసిన లేత్ షాపులో ఉన్న 20 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్ మీద పాత జాయింట్ తీయించాను. మంచి కంపెనీ కొత్త జాయింట్ తెచ్చి అక్కడే ఎక్కించాం. అది చాలా సులువుగా దిగిపోయింది, ప్రెస్ మీటరులో ముల్లు అర టన్ను కూడా దాటలేదు. లేత్ షాపు ఆయన నా వైపు చూసి, “ఏటి గురువుగారూ, వెన్నలోకి దిగినట్టు దిగిపోనాది” అన్నారు. కొత్త జాయింట్ నునుపుగా ఉంది కాబట్టి అలా దిగిందని నేనే జవాబు చెప్పుకొని, సర్క్లిప్ వేయించి తెచ్చేశాను. బండి నడిపి చూస్తే శబ్దం లేదు. యజమానికి ఇచ్చి పంపాను.

23 రోజులకు, 1,400 కిలోమీటర్లు తిరిగాక, బండి తిరిగి వచ్చింది. “ఏటి బాబూ, మళ్లీ అదే సౌండు వస్తంది” అన్న ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది.

రెండోసారి పరీక్ష

ఈసారి ఏ భాగాన్నీ విప్పక ముందే డొప్ప అంచు నుంచి ఆర్మ్ మీదకు అడ్డంగా తెల్ల పెయింటుతో సన్నని గీత గీశాను. పెయింటు ఆరాక బండిని పాత బస్టాండు వైపు రెండు చుట్లు తిప్పి, గతుకులున్న చోట పదిసార్లు బ్రేకు వేసి తెచ్చి చూస్తే, డొప్ప మీది గీత ముక్క ఆర్మ్ మీది ముక్క నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా పక్కకు జరిగి ఉంది. అంటే జాయింట్ మొత్తం కన్నంలో తిరుగుతోంది. నేను వేలు పెట్టేలోపే మా కుర్రాడు పెట్టి, “జాయింటు బాగానే ఉందండి, కన్నంలోనే ఆడతంది” అన్నాడు.

ఆర్మ్ విప్పి జాయింట్ తీశాం. కన్నం కొలవడానికి వెర్నియర్ లోపలి దవడలు సరిపోవు. అవి సన్నని అంచులు కావడంతో గుండ్రని కన్నంలో మిల్లీమీటరులో అర పదో వంతు తేడాను కూడా నమ్మకంగా చెప్పవు. టెలిస్కోపిక్ గేజీతో కొలతను పట్టి, దాన్ని 25–50 మిల్లీమీటర్ల మైక్రోమీటరులో చూశాం. నాలుగు దిశల్లో, మూడు లోతుల్లో కొలిచాం. కొత్త జాయింట్‌లో కన్నంలో కూర్చునే భాగం వ్యాసం 38.10 మిల్లీమీటర్లు. కన్నం పక్కల దిశలో 38.05, ముందు వెనకల దిశలో 38.31. ఒక దిశలో కొద్దిపాటి బిగువు మిగిలి ఉండగా, రెండో దిశలో 0.2 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. బ్రేకు తొక్కినప్పుడు వచ్చే ‘టక్’ ఈ ఖాళీదే. మొదటి రోజు యజమాని నోటితో చెప్పిన సంగతినే మైక్రోమీటరు నెల తర్వాత చెప్పింది.

కన్నం అంచును దీపం కింద చూస్తే కారణం కూడా కొంత దొరికింది. పై అంచులో ఒక వైపు సుత్తి దెబ్బలకు లోహం నొక్కుకుపోయి ఉంది. లోపలి గోడ మీద ఏటవాలుగా రెండు లోతైన గీరలు ఉన్నాయి. ఎప్పుడో జాయింట్‌ను ప్రెస్ లేకుండా, ఆర్మ్ బండికి ఉండగానే సుత్తితో కొట్టి తీసి, కొత్తదాన్ని కూడా వంకరగా పెట్టి కొట్టి ఎక్కించారు. వంకరగా దిగే జాయింట్ కన్నాన్ని ఉలిలా చెక్కుతుంది. అలా పోయిన లోహం తిరిగి రాదు. తర్వాత ఎంత మంచి జాయింట్ పెట్టినా, అది కదులుతూ కన్నాన్ని ఇంకా అరగదీస్తుంది. మొదటిసారి నేను కొలవలేదు కాబట్టి, ఈ 0.2లో ఎంత అప్పటికే ఉందో, నా 1,400 కిలోమీటర్లలో ఎంత పెరిగిందో విడదీయడం కుదరదు.

పోల్చి చూసుకోవడానికి కుడి ఆర్మ్ కూడా విప్పాం. అందులో బండితో వచ్చిన జాయింటే ఉంది, దాని బూటు కూడా పగుళ్లు పట్టింది. ఆ కన్నం అన్ని దిశల్లోనూ 37.99 నుంచి 38.00 మధ్య ఉంది. ఆ కొలతకు 38.10 జాయింట్ ఎక్కిస్తే పదో వంతు మిల్లీమీటరు బిగువు వస్తుంది. అదే ప్రెస్ మీద కుడి జాయింట్ రెండు టన్నులకు పైన తోస్తే గాని కదల్లేదు. ఎడమది దిగిన తీరు ఎంత తప్పో అప్పుడు చేతికి తెలిసింది.

వద్దనుకున్న దారులు

యజమానికి బండి అవసరం. ఆర్మ్ తెప్పించాలంటే రోజులు పడుతుంది. అందుకని వచ్చిన సలహాలన్నీ ఒకటొకటిగా ఆలోచించవలసి వచ్చింది.

మొదటిది, జాయింట్ చుట్టూ నాలుగు చోట్ల వెల్డింగు చుక్కలు వేయడం. మా వైపు ఇది చాలా మామూలుగా చేస్తారు, చేసిన బండ్లు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయని చెబుతారు కూడా. జాయింట్ లోపల గుండు నేరుగా ఇనుములో కూర్చోదు. గట్టి ప్లాస్టిక్ గిన్నెలో కూర్చుంటుంది. ఆ తరహా ప్లాస్టిక్ 165–175 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. వెల్డింగు చుక్క దగ్గర ఇనుమే కరుగుతుంది కాబట్టి, సెంటీమీటరు దూరంలోని గిన్నె సంగతి ఊహించుకోవచ్చు. గ్రీజు మాడుతుంది, బూటు కాలుతుంది. దానికి తోడు ఆర్మ్ రేకు ఆ చుక్కల పక్కన గట్టిపడి, రోజూ వేల దెబ్బలు తినే చోట పగలడం మొదలుపెడుతుంది. పైకి చూడడానికి ఇంతకంటే గట్టి పని లేదు. నేను భయపడేది కూడా దానికే, ఎందుకంటే శబ్దం ఆగిపోతుంది గనుక యజమాని మళ్లీ చూపించుకోవడానికి రాడు.

రెండోది, కన్నం అంచును సెంటర్ పంచితో చుట్టూ పొడిచి బిగువు తేవడం. మా గురువుగారి కాలంలో ఇది నేనే చేశాను. పంచి పొడిచిన చోట లేచే చిన్న చిన్న మొనలే జాయింట్‌ను పట్టుకుంటాయి, కొన్ని వారాల్లో అవి నలిగిపోతాయి. డబ్బా రేకు ముక్క చుట్టి ఎక్కించడం కూడా ఈ కోవలోదే.

మూడోది, బేరింగులను గూళ్లలో నిలపడానికి వాడే బిగింపు జిగురు. దీని గురించి కొంచెం ఎక్కువసేపే ఆలోచించాను. శుభ్రమైన, గుండ్రని కన్నంలో చిన్న ఖాళీకి అది బాగా పనిచేస్తుంది. మన కన్నం గుండ్రంగా లేదు. ఒక పక్క ఇనుము ఇనుమును తాకుతూ, ఇంకో పక్క జిగురు మాత్రమే ఉంటే, బ్రేకు వేసిన ప్రతిసారీ దెబ్బ అంతా ఆ జిగురు మీదే పడుతుంది. బేరింగు జారితే శబ్దం వస్తుంది. ఇక్కడ జారితే చక్రం వాలిపోతుంది. రెండూ ఒక ఎత్తు కాదు.

కన్నాన్ని లేత్ మీద పెద్దది చేసి లోపల ఉంగరం దిగ్గొట్టడం నాలుగోది. గోడ మందం ఐదు మిల్లీమీటర్లు మాత్రమే ఉండడంతో, కోసిన తర్వాత మిగిలేది ఏ బిగువునూ పట్టలేదని లేత్ షాపు ఆయనే వద్దన్నారు.

విఫలమైన ఇంకో ప్రయత్నం

పాత సామాను దుకాణం నుంచి అదే మోడల్ ఎడమ ఆర్మ్ ఒకటి దొరికింది. కన్నం కొలిస్తే 38.01, చాలా బాగుంది. ఆ సంతోషంలో ఎక్కించేసేవాడినే గాని, ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి పలక మీద పెట్టి చూశాను. మా షెడ్డులో టెక్కలి నీలి గ్రానైటు పాలిషు పలక ఒకటి ఉంది. సరఫరాలో అంచు విరిగిందని తక్కువకు వచ్చింది, సమతలం చూసుకోవడానికి అంతకంటే మంచి బల్ల మాకు లేదు. కుడి ఆర్మ్‌ను తిరగేసి ఎడమదాని పక్కన పెట్టి, ముందు బుష్ (ఆర్మ్‌ను బండికి కలిపే చోటి రబ్బరు గొట్టం) కన్నం నుంచి జాయింట్ కన్నం దాకా రెండింటినీ కొలిస్తే, పాత సామానుది ఆరు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంది, కొస కాస్త పైకి లేచి ఉంది. ఏ ప్రమాదంలోనో వంగిన ఆర్మ్ అది. వంగినదాన్ని కాల్చి సరిచేస్తామన్నవాళ్లున్నారు గాని, ఒప్పుకోలేదు. తిరిగి ఇచ్చేశాం, సగం డబ్బే వెనక్కి వచ్చింది.

నిలిచిన పని

చివరికి జాయింట్ లేకుండా, బుష్‌లతో మాత్రమే వచ్చే కొత్త ఎడమ ఆర్మ్‌ను విశాఖపట్నం నుంచి తెప్పించాం. అది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అన్ని రోజులూ బండి మా షెడ్డులోనే ఉంది. జాయింట్ పూర్తిగా ఊడితే చక్రం పక్కకు వాలి డ్రైవ్ షాఫ్టును కూడా లాగేస్తుందని, అది రహదారి మీద జరిగితే ఆపుకోవడానికి వ్యవధి ఉండదని యజమానికి విప్పిన భాగాలు చూపించి చెప్పాను. ఆయన ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనులో రైలెక్కి పలాస వెళ్లివచ్చారు. మొదటిసారి మజూరీ, జాయింట్ ఖరీదు నేను వదులుకున్నాను.

కొత్త ఆర్మ్ కన్నం కొలిస్తే 37.88 వచ్చింది. ఉండవలసినదాని కంటే మరీ బిగువు. పరీక్షగా చూస్తే కన్నం లోపల కూడా నల్ల పెయింటు పట్టి ఉంది. పెయింటు మీదుగా ప్రెస్ చేస్తే ఆ రోజు ముల్లు బాగా పైకి లేచి మనసుకు తృప్తిగానే ఉంటుంది. తర్వాత పెయింటు నలిగి బయటకు వచ్చాక ఆ బిగువులో కొంత పోతుంది. అందుకని థిన్నరుతో నానబెట్టి, ఇత్తడి రేకుతో గీకి, గుడ్డతో తుడిచాం. గరుకు కాగితం వేయనివ్వలేదు. కన్నం లోపల దాంతో రుద్దితే లోహం కూడా పోతుంది. పెయింటు పోయాక కొలత 38.00 వచ్చింది.

కన్నాన్ని వేడి చేసి ఎక్కిస్తే సులువు కదా అని మా కుర్రాడు అడిగాడు. ఉక్కు వంద డిగ్రీలు వేడెక్కితే 38 మిల్లీమీటర్ల కన్నం 0.04 పెరుగుతుంది, అంతే. ఆ కొద్దిపాటి సులువు కోసం పక్కనే ఉన్న రబ్బరు బుష్‌ను పాడుచేసుకోవడం దండగ. పైగా ఎంత బలం పట్టిందన్న సమాచారం కూడా పోతుంది. ఈ కేసు తర్వాత ఆ ముల్లు కొలత నాకు జాయింట్ ఎంత అవసరమో అంత అవసరమైపోయింది.

ప్రెస్ పని కోసం లేత్ షాపులో రెండు కప్పులు తిప్పించాం. కిందిది కన్నం చుట్టూ ఉన్న మందమైన అంచును మాత్రమే మోస్తుంది. ఆర్మ్ రేకు మీద బరువు పడితే ఆర్మ్ వంగుతుంది. పైది జాయింట్ డొప్ప అంచును మాత్రమే తోస్తుంది. స్టడ్డు మీద గాని, డొప్ప మధ్యలోని మూత మీద గాని తోస్తే లోపలి గిన్నె పగులుతుంది. మొదటి రెండు మిల్లీమీటర్లు చాలా నెమ్మదిగా తోసి, ఆపి, నాలుగు వైపులా గుండుసూది మందం తేడా అయినా ఉందేమో చూశాం. ఒక పక్క ముందుగా దిగుతూ కనిపించింది, వెంటనే వెనక్కి తీసి మళ్లీ పెట్టాం. వంకర మొదలయ్యాక ‘తోస్తే సర్దుకుంటుంది’ అనుకోవడమే పాత కన్నాన్ని చెడగొట్టింది. రెండోసారి ముల్లు నిదానంగా పెరుగుతూ 1.9 టన్నులకు చేరింది. డొప్ప అంచు ఆర్మ్‌ను తాకగానే ముల్లు ఒక్కసారి ఎగిరింది, అక్కడే ఆపేశాం. సర్క్లిప్ గాడిలో చుట్టూ కూర్చుందా లేదా అన్నది వేలితో తిప్పి, దీపం పెట్టి చూశాం. కుడి జాయింట్ కూడా ఇలాగే కొత్తది వేశాం, ముల్లు 2.1 దగ్గర నిలిచింది.

బండికి ఎక్కించేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త పడ్డాం. నకిల్ చీలికను ఉలితో విడదీస్తే స్టడ్డు తేలిగ్గా దూరుతుంది గాని, ఎక్కువ విప్పారిన చీలికను బోల్టు మళ్లీ పూర్తిగా మూయలేదు. అందుకని తుప్పు గీకి, స్టడ్డు గాడి బోల్టు కన్నానికి సరిగ్గా ఎదురయ్యేలా చూసి, చేతితో తోస్తే వెళ్లేంత వరకే తెరిచాం. బోల్టు, నట్టు కొత్తవి వేసి, టార్క్ పానాతో ఆ మోడల్ మాన్యువల్‌లో ఇచ్చిన బిగువుకు బిగించాం. ఆర్మ్ లోపలి బుష్‌ల బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించలేదు. చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని దించి, నాలుగుసార్లు నొక్కి వదిలి, దాని మామూలు ఎత్తులో ఉండగా బిగించాం. గాలిలో బిగిస్తే బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి చిరుగుతుంది. తర్వాత అలైన్‌మెంట్ చేయించాం. ఎడమ చక్రం టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పి ఉంది. టైరు లోపలి అంచు అరుగుదలకు అది చాలు.

తర్వాతి పరిశీలన

రెండు వైపులా డొప్ప నుంచి ఆర్మ్ మీదకు తెల్ల గీత గీసి పంపాను. 500 కిలోమీటర్ల దగ్గర, 3,000 దగ్గర, మళ్లీ వర్షాలు తగ్గాక 6,200 దగ్గర యజమాని బండిని తెచ్చి చూపించారు. మూడుసార్లూ గీత తెగలేదు, శబ్దం లేదు. మూడోసారి ఎడమ బూటు కింద సన్నని గ్రీజు చెమ్మ కనిపించింది. క్లిప్పు కొద్దిగా జారి ఉంది, తుడిచి సరిగ్గా కూర్చోబెట్టాం. అరిగిన టైరును వెనక్కి మార్చాం.

ఇప్పుడు మా షెడ్డులో ప్రెస్ చేసే ఏ జాయింట్‌కైనా పుస్తకంలో మూడు అంకెలు రాస్తున్నాం: కన్నం కొలత, జాయింట్ కొలత, ప్రెస్ ముల్లు ఆగిన చోటు. ఇదివరకు ఈ పుస్తకం లేదు. కన్నం రెండు దిశల్లో 0.05 కంటే ఎక్కువ తేడా చూపినా, ముల్లు ఒక టన్ను దాటకుండా జాయింట్ దిగిపోయినా, ఆ ఆర్మ్‌ను పక్కన పెట్టేస్తున్నాం. ఈ రెండు హద్దులూ ఈ తరహా రేకు ఆర్మ్‌లకు నేను పెట్టుకున్నవే. అల్యూమినియం ఆర్మ్‌లకూ, స్ప్రింగు బరువు కింది జాయింట్ మీదే పడే జీపు తరహా బండ్లకూ అవి వర్తించవు. ఆ బండ్లలో జాకీ పెట్టే చోటు దగ్గర నుంచి పరీక్షే వేరుగా ఉంటుంది.